ముద్ద దిగని రోజులు

జులై 20, బుధవారం

మనిషిని వెతికి తెమ్మంటే కుక్కను తెచ్చాడు.

జులై 21, గురువారం

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పెన్ను విసిరికొట్టాను. ఇవాళ మంచం కింద దొరికింది. ఈ డైరీ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఆయనకిచ్చింది. మొదటి పేజీలో లోకనాథ్ అని పేరు రాసుకున్నాడు, అంతే. మిగతాదంతా ఖాళీ. అంగన్‌వాడీలో రోజూ రిజిస్టర్లు రాసే చెయ్యి నాది, ఊరికే ఉండలేకపోతోంది.

బావగారు రోజూ పొద్దున్నే పడవ వేసుకుని, వరదలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతకడానికి వెళ్తున్నారు. అంతర్వేది దాకా, సముద్రం మొగ దాకా వెళ్ళొచ్చారు. నిన్న వస్తూ వస్తూ గేదెల్లంక దగ్గర చూస్తే ఊరంతా నీళ్ళలో ఉందట, పశువులు కట్టే దిబ్బ ఒక్కటే పైకి కనబడుతోందట. దాని మీద ఈ కుక్క కూర్చుని ఉందట. లంక జనాన్ని ఒడ్డుకు చేర్చిన పడవల్లో కుక్కలకు చోటెక్కడిది? పిలిస్తే రాలేదట, కదల్లేదట. ఎత్తుకొచ్చి మా అరుగు మీద దించారు.

"ఖాళీ పడవతో రాలేకపోయానమ్మా దుర్గా," అన్నారు.

నేను మొహం మీదే తలుపేశాను. తమ్ముణ్ణి దుంగల వేటకు తీసుకెళ్ళినప్పుడు ఏమైందో ఈ జాలి.

వరదొస్తే చాలు, మా పాలెం మగాళ్ళకు ఒళ్ళు తెలియదు. ఏజెన్సీ నుంచి కొట్టుకొచ్చే దుంగల కోసం ఎర్రనీళ్ళలోకి పడవలు దించుతారు. తాతలనాటి నుంచీ ఇంతే. దుంగకు మోకు కట్టి ఒడ్డుకు లాగితే ఇంటికి దూలమో, ద్వారబంధమో, ఏదీ కాకపోతే పొయ్యిలోకో. ఎవరడిగారు ఆయన్ని? నాకు గ్యాసు పొయ్యి ఉంది.

జులై 22, శుక్రవారం

అత్తయ్య తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను.

జులై 24, ఆదివారం

కుక్కకు గంజి పోశాను. ప్రేమేం కాదు. నా అరుగు మీద చస్తే ఎత్తి పారెయ్యాల్సింది నేనే కదా.

రోజుల తరబడి నీళ్ళలో నాని కాలివేళ్ళ సందులన్నీ ఒరిసిపోయి పుళ్ళు పడ్డాయి. పసుపూ వేపనూనే కలిపి రాశాను. అరవలేదు, కరవలేదు. కాలు నా చేతికిచ్చి మొహం అటు తిప్పుకుంది, ఇంజెక్షనుకు భుజం చూపించే మా సెంటరు పిల్లల్లాగా. మెడలో చీర అంచు పేలిక ఒకటి కట్టి ఉంది. ఎవరో గట్టిగా ముడేశారు. నేను విప్పలేదు.

నీళ్ళు తియ్యగానే లంకకు పంపించెయ్యాలి.

జులై 27, బుధవారం

ఇదేం కుక్కో అర్థం కావట్లేదు. అన్నంలో చేపల పులుసు కలిపి పెడితే ఎదురుగా బుద్ధిగా కూర్చుంటుంది. నా మొహం కేసి చూస్తుంది. మూతి నుంచి సొంగ కారుతూనే ఉంటుంది, తినదు. "తినవే" అంటే తోక ఊపుతుంది. నేను లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చి చూస్తే సగం తినేసి, దొంగతనం చేసినట్టు తల వంచుకుంటుంది. మిగతా సగం కాకుల పాలు.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు చూసి జబ్బేం లేదన్నాడు, బలానికి మందిచ్చాడు. అత్తయ్య మాత్రం తాయెత్తు కట్టించింది. "దానికీ నా బిడ్డ బెంగేనే. నీళ్ళలో పోతుంటే చూసే ఉంటది. అందుకే ముద్ద దిగట్లేదు," అంది.

"ఊరుకోండి అత్తయ్యా," అన్నాను. అన్నాను గానీ ఆ మాట మనసులో పడిపోయింది.

రోజూ నా పక్కన ఆయన కంచం బోర్లించి పెట్టుకుంటున్నాను. నేను కంచం ముందు కూర్చుంటాను, కుక్క దాని కంచం ముందు కూర్చుంటుంది. ఇద్దరికీ ముద్ద దిగదు. అన్ని నీళ్ళ మధ్య తిండీతిప్పలు లేకుండా ఇది బతికింది కదా. ఈత రాని కుక్కపాటి బతకలేడా గోదారిలో పుట్టి పెరిగిన మనిషి? ఏ మడ అడవిలోనో, ఎవరి గుడిసెలోనో ఉంటాడు. కుక్కకు ఈత వస్తుందని ఇప్పుడు గుర్తొచ్చింది. సరే, రాసింది కొట్టెయ్యను.

జులై 30, శనివారం

బావగారు ఇవాళ అరుగు మీద కూర్చుని నెమ్మదిగా కదిపారు. కులపెద్దలు అడుగుతున్నారట. ఒళ్ళు దొరకనప్పుడు దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికే అన్నీ జరిపించి గోదారిలో వదులుతారు. అలా చెయ్యకపోతే పోయినవాడికి దారి ఉండదట.

"ఎవరు పోయారని?" అన్నాను.

"అమ్మా దుర్గా..."

"మీ కళ్ళతో చూశారా? ఉన్నాడనో, లేడనో, ఏదో ఒకటి తెలియనివ్వండి బావగారూ. తెలిశాక మీ ఇష్టం. అప్పటిదాకా ఆ గడ్డిబొమ్మ మాట నా గుమ్మంలో ఎత్తితే మర్యాదగా ఉండదు."

ఆ రోజు ఏం జరిగిందో చెప్పబోయారు. చెవులు మూసుకున్నాను. ఈ నెల్లో ఆయన చెప్పబోవడం, నేను వినకపోవడం ఎన్నోసారో.

ఆగస్టు 5, శ్రావణ శుక్రవారం

ఎదురింటి నాగదుర్గ పసుపూ కుంకుమా పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నాకు బొట్టు పెట్టాలో, పెట్టకూడదో దానికి తెలియలేదు. పాపం, ఎవరికి తెలుసు?

"పెట్టవే," అని మొహం ముందుకు పెట్టాను. పెట్టింది. దాని చెయ్యి వణికింది. నా మీద జాలి పడేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అది వెళ్ళాక తలుపు చాటున కూర్చుని ఏడ్చాను. వీడు వచ్చి నా మోకాలి మీద తల పెట్టాడు.

వీడు అని రాశాను. మగకుక్కే, రాస్తే తప్పేంటి.

ఆగస్టు 8, సోమవారం

ఇవాళ సంగతి వరసగా రాయాలి.

వీడు ఇప్పుడు నా వెంట సెంటరుకు కూడా వస్తున్నాడు. పిల్లలు చెవులు లాగినా ఊరుకుంటాడు. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక మా ఆయా తబిత తన క్యారియరు విప్పుకుని కూర్చుంది. కాస్త అన్నం, గుడ్డు ముక్క కాగితం మీద వీడికీ పెట్టింది. వీడు మామూలే, ఎదురుగా కూర్చుని మొహం కేసి చూస్తున్నాడు. తబిత తన అలవాటుగా కళ్ళు మూసుకుని గొణుక్కుని, "యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్" అంది.

వీడు తల దించి గబగబా తినేశాడు. కాగితం కూడా నాకేశాడు.

తబిత కళ్ళు తెరిచి చూసి, నా కేసి చూసింది. ఇంకో గుడ్డు ముక్క పెట్టింది. వీడు కూర్చున్నాడు. సొంగ కారుతోంది. "ఆమేన్," అంది. తిన్నాడు.

"ఓరి నీ దుంపతెగ!" అని తబిత పడీపడీ నవ్వింది. "ఇది మావాళ్ళ కుక్కేనండి టీచరు గారూ. ప్రార్థన అయ్యేదాకా ముట్టకూడదని ఎవరో చక్కగా నేర్పుకున్నారండి."

నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక మొదటిసారి నవ్వడం. ఇన్నాళ్ళూ వీడిదీ నాదీ ఒకటే బెంగ అనుకున్నాను. నాది బెంగ, వీడిది మర్యాద. తాయెత్తులు కట్టాం, మందులు పోశాం. వీడు ఒక్క మాట కోసం చూస్తున్నాడు.

"గేదెల్లంక నుంచే కదండీ తెచ్చారు? అక్కడ మా సంఘం వాళ్ళు కొద్దిమందేనండి. వాళ్ళు ఆదివారం మా చర్చికే వస్తారు. అడగమంటారా?"

"వద్దు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పిల్లలు నిద్రలేచారు.

ఆగస్టు 10, బుధవారం

ఇంట్లో ఆ మాట అని అన్నం పెడుతుంటే అత్తయ్య గయ్యిమంది. "గంగాలమ్మకి మొక్కే ఇంట్లో ఈ మాటలేంటే?" అని. సాయంత్రం నేను నీళ్ళకు వెళ్ళొచ్చేసరికి అరుగు మీద కూర్చుని, కంచం వాడి ముందుకు తోసి, "ఆమేనురా, తిను వెధవా" అంటోంది. నన్ను చూసి చీర కొంగు సర్దుకుంది.

వాడు ఒళ్ళు చేశాడు. ఎముకలు కనబడటం లేదు.

ఆగస్టు 15, సోమవారం

సెంటరులో జెండా ఎగరేశాం. పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచాం. అంతా వెళ్ళాక తబిత వచ్చి గోడ పక్కన నిలబడింది.

"టీచరు గారండీ, మీరు వద్దన్నారని నేనేం అడగలేదండి. ఆయనే చెప్పారండి. నిన్న ఆరాధనలో, గేదెల్లంక జీవరాజు గారని, కూలి చేసుకుంటారండి, లేచి ప్రార్థన మనవి చెప్పారు. పడవలో కుక్కని ఎక్కించుకోనివ్వలేదంటండి. దిబ్బ మీద కూర్చోబెట్టి 'ఉండు' అని చెప్పి వెళ్ళారంట. ఉండు అంటే చచ్చినా కదలదంటండి. 'నేను ఉండమనబట్టే మునిగిపోయిందేమో, లేకపోతే ఈదుకుంటూ ఎక్కడికన్నా పోయేదేమో' అని మగమనిషి అందరి ముందూ ఏడ్చేశారండి. ఉందో పోయిందో, ఏదో ఒకటి తెలిసేలాగ ప్రార్థన చెయ్యమన్నారండి."

"కుక్క కోసం ప్రార్థనా! విడ్డూరం కాకపోతే," అన్నాను.

తబిత చీపురు తీసుకుని జెండా కింద రాలిన పూలు ఊడ్చింది. ఎదురు చెప్తే బాగుండేది, నాలుగు దులిపేదాన్ని.

లంకలో ఇంకెన్ని కుక్కలు లేవు? ఇదే అని ఏముంది?

ఆగస్టు 17, బుధవారం

గోదారి మళ్ళీ పెరిగింది. ధవళేశ్వరంలో మళ్ళీ ప్రమాద హెచ్చరిక ఇచ్చారట. లంకలకు పడవలు ఆపేశారు. ఇప్పుడెలా వెళ్తాం? నీళ్ళు తీశాక చూద్దాం.

ఆగస్టు 22, సోమవారం

నీళ్ళు తీశాయి. వాడి వెనక కాలి పుండు ఇంకా పచ్చిగా ఉంది. మానాక చూద్దాం.

ఆగస్టు 24, బుధవారం

పుండు ఎప్పుడో మానిపోయింది. నాకు తెలుసు.

వాడు నా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆయన కూడా ఎక్కడో ఒకచోట ఉన్నాడనిపిస్తోంది. వీణ్ణి పంపిస్తే ఆయన్ని నేనే పంపించినట్టవుతుంది. ఎవరికైనా చెప్తే పిచ్చిదంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్య తిన్నావా అంది. తిన్నానన్నాను.

ఆగస్టు 26, శుక్రవారం

పొద్దున్న చేపల రేవులో ఎవరో చెప్పారట. కాకినాడలో ఆసుపత్రిలో పేరూ ఊరూ చెప్పలేని మనిషి ఒకడున్నాడు, వరదల్లో దొరికాడు, ఎవరో తెచ్చి పడేసి పోయారు అని. బావగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బస్సుకు పరిగెత్తారు. నేనూ వస్తానంటే వద్దన్నారు.

సెంటరుకు వెళ్ళలేదు. ఇల్లు కడిగాను. ఆయన లుంగీలు ఉతికి ఆరేశాను. అత్తయ్య గంగాలమ్మకు కోడిని మొక్కింది. రాసేందుకు కూడా కూర్చోలేకపోయాను, నిలబడి రాస్తున్నాను.

ఆగస్టు 27, శనివారం

ఆయన కాదు. ఎవరో ముసలాయన. యాసను బట్టి భద్రాచలం అవతల మనిషంటున్నారట. తీసుకొచ్చినవాళ్ళు మొదట ఇంట్లోనే పెట్టుకున్నారట, తర్వాత బరువై ఆసుపత్రిలో వదిలారట. ఎవరికీ కబురు చెయ్యలేదట.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. వీధి అంతా వినేలా అరిచాను. "ఇన్నాళ్ళు దగ్గర పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నారండీ? మనుషులా గొడ్లా? ఆ ఇంట్లో వాళ్ళు ఉన్నాడో పోయాడో తెలియక ఎంత ఏడుస్తుంటారు? ఒక్క మాట చెప్తే వీళ్ళ సొమ్మేం పోయింది? పాపిష్టి ముండాకొడుకులు!"

అని, కిందకు చూశాను. వాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. మెడలో చీర పేలిక.

బావగారు నన్నూ, వాణ్ణీ చూశారు. ఆయనకు ఏమీ తెలియదు. తబిత చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు.

"బావగారూ, రేపు పడవ వెయ్యండి," అన్నాను. "గేదెల్లంకకు."

ఆగస్టు 28, ఆదివారం

వాడికి పొద్దున్నే ఒళ్ళు కడిగాను. పెళ్ళికి పంపినట్టు తుడిచాను. అత్తయ్య బయటకు రాలేదు. గదిలోంచే, "ఆ వెధవకి అన్నం పెట్టావా?" అంది.

వాళ్ళు చర్చి నుంచి ఇల్లు చేరే వేళకు బయలుదేరాం. వాడు పడవలో ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. లంక ఇంకా ఇంత దూరం ఉందనగానే వణకడం మొదలుపెట్టాడు. ఒడ్డు చేరకుండానే దూకేశాడు. బురదంతా మీద వేసుకుంటూ అరటిబోదెల మధ్య నుంచి పరిగెత్తాడు. మేం వెళ్ళేసరికి ఒకావిడ పాక ముందు నేల మీద కూలబడి ఉంది. వాడు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు. "జాకీ, ఒరే జాకీ, నా నాయనా," అంటోంది. ఆవిడ పేరు ప్రసన్నకుమారి, జీవరాజు భార్య. జీవరాజు చూరు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన దగ్గరకు రాలేదు. వాడే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. అప్పుడాయన కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

జాకీ అట. నేను పేరు పెట్టకపోవడం మంచిదైంది.

ప్రసన్నకుమారి వాడి మెడలో పేలిక తడిమి, "ఇది నా చీరదేనమ్మా. ముడి కూడా అలాగే ఉంచారేంటి?" అంది.

"విప్పితే నాదైపోతుందని భయమేసిందండి," అన్నాను. ఇంకా చెప్పాను. ఎవరి కుక్కో నాకు ముందే తెలుసనీ, తెలిసీ ఉంచేసుకున్నాననీ. ఎందుకో కూడా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, అంతే.

భోజనం చెయ్యకుండా వెళ్ళడానికి వీల్లేదన్నారు. వరద మేటలు ఎత్తిపోసుకుంటున్న ఇల్లు, ఏముంటుంది పాపం? గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండింది. చాపలు పరిచారు. జాకీకి మూకుట్లో పెట్టారు. వాడు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. అలవాటుగా చెయ్యి కంచం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మీ ఆయనగారి పేరేంటమ్మా?" అన్నాడు జీవరాజు. అంతసేపటికి అదే ఆయన మొదటి మాట. చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు.

"తండ్రీ, నీకు స్తోత్రం. తప్పిపోయినదాన్ని మా ఇంటికి తెచ్చావు. ఈ అమ్మగారి భర్త లోకనాథ్ గారిని గోదారి తీసుకుపోయింది తండ్రీ. ఆయన ఎక్కడున్నారో నీకు తెలుసు. మాకు తెలియదు. ఆయన్ని నీ చేతికి అప్పగిస్తున్నాం. ఈ తల్లికి నెమ్మది దయచెయ్యి. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

జాకీ తల దించి తిన్నాడు. నేనూ తిన్నాను. ముద్ద గొంతులో అడ్డం పడలేదు. కళ్ళ నీళ్ళు కంచంలో పడుతున్నా తిన్నాను. ప్రసన్నకుమారి మారు వడ్డిస్తే అదీ తిన్నాను. బావగారు తినడం ఆపి నన్నే చూస్తున్నారు.

పడవ ఎక్కాం. జాకీ మా వెనకాలే నీళ్ళలోకి దిగాడు. ఒడ్డు కేసి చూస్తాడు, నా కేసి చూస్తాడు. ఇంకాస్త లోతుకు వచ్చాడు. జీవరాజు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. ఆ మాట ఆయన ఇంకెలా అంటాడు?

"ఉండు," అన్నాను నేను.

ఆగాడు. ప్రసన్నకుమారి నీళ్ళలోకి దిగి వాడి మెడ చుట్టూ చెయ్యి వేసింది. మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నారు.

పడవ పాయ మధ్యకు వచ్చాక, "బావగారూ, ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి," అన్నాను.

ఇంజను ఆపేశారు. పడవ దానంతటది కొట్టుకుపోతోంది. చెప్పారు. మోకు కట్టడానికి ఆయన దుంగ మీదకు దూకాడట. నిలబడి, అరిచేత్తో దాని మీద చరిచి, "పెద్దన్నా, టేకే! దుర్గకి బీరువా చేయించొచ్చు," అని నవ్వాడట. దుంగ తిరగబడింది. ఎర్రనీళ్ళలో చొక్కా ఒక్కసారి కనబడిందట. బావగారూ దూకారట, రెండుసార్లు. దొరకలేదట. ఇన్నాళ్ళూ వినకూడదనుకున్నది ఇంతే.

బీరువా ఎవడికి కావాలి రా నీ మొహం! పడవ బల్ల మీద కొట్టుకుని ఏడ్చాను. బావగారు కూడా ఏడ్చారు. మా రేవు దాటిపోయి చాలా దూరం వెళ్ళాక ఇంజను వేశారు.

దిగేటప్పుడు చెప్పాను. "మీ తమ్ముడికి చెయ్యాల్సింది చెయ్యండి. దర్భలు తెప్పించండి."

సెప్టెంబరు 3, శనివారం

సెంటరులో పిల్లలు కుక్కేదీ అని అడుగుతున్నారు. వాళ్ళింటికి వెళ్ళిందని చెప్పాను.

అరుగు మీద అత్తయ్య ఇవాళ కూడా ఒక ముద్ద పక్కన పెట్టి, తర్వాత తనే కాకులకు వేసింది.

సెప్టెంబరు 25, మహాలయ అమావాస్య

పెద్దలు ఈ రోజు మంచిదన్నారు. దర్భబొమ్మకు ఆయన చొక్కా ముక్క చుట్టాను. బావగారు గోదారిలో దిగి వదిలారు. నీళ్ళు తేటపడ్డాయి, బొమ్మ చాలా దూరం దాకా కనబడింది. నాగదుర్గ నా భుజం పట్టుకుని నిలబడింది. దాని చెయ్యి ఈసారి వణకలేదు.

తబిత చెప్పింది, జీవరాజు వాళ్ళు ఇవాళ భోజనం దగ్గర ఆయన పేరు చెప్పుకున్నారట.

ఇంటికొచ్చి ఆయన కంచం కడిగి, తుడిచి, అలమరలో మిగతా కంచాలతో పాటు పెట్టాను. నా కంచంలో వడ్డించుకుని కూర్చున్నాను. కాసేపు ఎవరో ఏదో అంటారని చూశాను. ఎవరూ లేరు. నేనే అనుకున్నాను, ఆయన పేరు.

అత్తయ్య గదిలోంచి తిన్నావా అని అడిగింది.

తిన్నానన్నాను. తిన్నాను.